ఫోర్ వీల్ జీపుకు టైర్లు కొనే ముందు

మన పాల సంఘాలలో చాలావాటికి సొంత బండి ఉండదు. పాలు యూనియన్ లారీలోనో, కిరాయి ఆటోలోనో పోతాయి. కాని తారు రోడ్డు దిగి డొంక దారిన, వాగు దాటి పోవలసిన ఊళ్ళు ఉన్న చోట కొన్ని సంఘాలు నాలుగు చక్రాలూ లాగే జీపు గాని, పికప్ గాని పెట్టుకున్నాయి. ఉదయం, సాయంత్రం పాల క్యాన్లు. మధ్యాహ్నం దాణా బస్తాలు. అర్ధరాత్రి ఈనలేక అవస్థ పడుతున్న గేదె దగ్గరకు పశువుల డాక్టరు - అన్నిటికీ ఆ ఒక్క బండే. అట్టి బండికి కొన్నేళ్ళకొకసారి తప్పక వచ్చే పెద్ద ఖర్చు టైర్లు. ఈ ఖర్చుకు మూడు కొటేషన్లు తెప్పించి, తక్కువ ధర దానికి తీర్మానం చేసి, వౌచరు వ్రాసుకుంటే పని అయిపోయిందని అనుకుంటున్నాము. అలా అనుకున్నవారిలో నేనూ ఒకడిని. అది సరికాదని ఎలా తెలిసిందో చెప్పి, తర్వాత అసలు విషయానికి వస్తాను.

ఒక ముచ్చట మన సభ్యులకు నచ్చుతుంది. గాలి నింపిన టైరును వాడుకలోకి తెచ్చిన జాన్ బాయిడ్ డన్‌లప్ వృత్తిరీత్యా పశువైద్యుడు. 1888లో బెల్‌ఫాస్ట్ నగరంలో తన కుమారుని మూడు చక్రాల సైకిలు కుదుపు లేకుండా నడవాలని ఆయన ఆ పని చేశాడు. ఆయనకంటె ముందే 1845లో రాబర్ట్ థామ్సన్ అనే ఆయన ఇటువంటిదానికి పేటెంటు పొందినా, అది వాడుకలో నిలవలేదు. అందుచేత టైరుకూ, పశువుల డాక్టరుకూ సంబంధం ఈనాటిది కాదు.

జరిగిన సంగతి

నేను తనిఖీ చేసే ఒక సంఘంలో పికప్ బండి వానాకాలంలో రెండుసార్లు రేగడిలో దిగబడింది. సాయంత్రం పాలు శీతలీకరణ కేంద్రానికి చేరేసరికి రాత్రి పదకొండు దాటింది. సగం క్యాన్లు పుల్లపాలుగా తిరిగి వచ్చాయి. సభ్యులు కోపగించారు. పాలకవర్గం వెంటనే పెద్ద పెద్ద గుండీలున్న బురద టైర్లు కొనాలని నిశ్చయించింది. డబ్బు చాలక రెండే కొన్నారు. ముందు చక్రాలు దారి చూపాలి గదా అని రెండూ ముందుకే బిగించారు. వెనుక సగానికి పైగా అరిగిన పాత రోడ్డు టైర్లు ఉండిపోయాయి. మూడు కొటేషన్లూ చూసి, తక్కువ ధరకే కొన్నారు, సక్రమంగా ఉన్నది అని తనిఖీ నివేదికలో వ్రాసి సంతకం చేసినవాడిని నేనే.

నెల తిరగకముందే ఒక ఉదయం జల్లు పడుతుండగా, తారు రోడ్డు మీద, పల్లపు మలుపులో బండి వెనుక భాగం పక్కకు జారింది. ముందు చక్రాలు చెప్పినట్టు విన్నాయి గాని వెనుకవి వినలేదు. బండి కాలువ కట్ట మీదికి పోయి ఆగింది. క్యాన్లు దొర్లి పాలు నేలపాలయ్యాయి. డ్రైవరు మణికట్టు విరిగింది. అతడు వేగంగా నడపడం లేదని వెనుక వస్తున్న బస్సువారు చెప్పారు.

తరువాతి సమావేశంలో పాల నష్టం డ్రైవరు జీతం నుండి వసూలు చేయాలని కొందరు పట్టుపట్టారు. నన్ను అభిప్రాయం అడిగారు. చేతికి కట్టుతో మూల నిలబడిన డ్రైవరు ఒక్క మాటే అన్నాడు: "ఎద్దుకు రెండు కాళ్ళకే లాడాలు కొట్టిస్తామా అండీ?" నేను ఫైలు తిరగేస్తే నా సంతకమే నాకు కనిపించింది. వసూలు చేయడం తగదని వ్రాసి ఇచ్చాను. పాలకవర్గం మంచి మనసుతో ఒప్పుకుని ఆ నష్టాన్ని సంఘం ఖాతాలోనే వ్రాసుకున్నది. అటు తర్వాత టైర్ల విషయం మెకానిక్కుల వద్ద, డీలర్ల వద్ద, పుస్తకాలలో అడిగి చదివి తెలుసుకున్నాను. అదే ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదట దారిని లెక్క కట్టండి

టైరు కొనే ముందు అంగడికి కాదు, లాగ్ బుక్ దగ్గరకు పోవాలి. ఒక నెల లాగ్ బుక్ తీసి, బండి ఏ రకం దారిలో ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో డ్రైవరును పక్కన కూర్చోబెట్టుకుని వ్రాయండి. ఉదాహరణకు రోజుకు 60 కిలోమీటర్ల రూటులో తారు 44, మొరం 12, బురద 4 అనుకుందాం. నెలకు 1,800 కిలోమీటర్లలో తారు 1,320, మొరం 360, బురద 120. అంటే బురద నూటికి ఏడు పాళ్ళు కూడా లేదు. అదీ వానాకాలంలోనే. బండి దిగబడిన రోజు అందరికీ గుర్తుంటుంది. దిగబడని మూడు వందల రోజులు ఎవరికీ గుర్తుండవు. ఆ ఒక్క రోజును చూసి టైరు కొంటే మిగిలిన రోజులన్నీ నష్టమే.

టైర్లలో మూడు రకాలు

ఇటువంటి బండ్లకు అంగడిలో మూడు రకాల టైర్లు దొరుకుతాయి.

మొదటిది రోడ్డు టైరు. డీలర్లు హెచ్.టి. అంటారు. గాళ్ళు సన్నగా ఉంటాయి. తారు మీద చప్పుడు తక్కువ, తడిలో బ్రేకు బాగా పడుతుంది, ఎక్కువ కాలం నడుస్తుంది. బురదలో మాత్రం గాళ్ళు పూడిపోయి జారుతుంది.

రెండవది అన్ని దారుల టైరు. ఏ.టి. అంటారు. గుండీలు కొంచెం పెద్దవి, వాటి నడుమ సందు ఎక్కువ. మొరం, కంకర, చెలక దారులలో పట్టు బాగుంటుంది. తారు మీద రోడ్డు టైరు కంటె కొంచెం చప్పుడు, కొంచెం ఎక్కువ డీజిలు.

మూడవది బురద టైరు. ఎం.టి. అంటారు. గుండీలు లోతుగా, సందులు వెడల్పుగా ఉండి, తిరిగేటప్పుడు బురదను విదిలించి పారవేస్తుంది. కాని తారు మీద నేలను తాకే రబ్బరు తక్కువ. అందుచేత తడి తారు మీద బ్రేకు పట్టు తగ్గుతుంది, గుండీలు త్వరగా, హెచ్చుతగ్గులుగా అరుగుతాయి, మోత చెవులు గింగురుమనిపిస్తుంది.

పై లెక్కలోని రూటుకు సరిపోయేది రెండవ రకం. తారు నూటికి తొంభై పాళ్ళు దాటితే మొదటి రకమే చాలు. పాడేరు వైపు వలె కొండ దారులలో, రాళ్ళ మీద రోజూ తిరిగే బండికి రెండవ రకంలోనే పక్కలు గట్టిగా ఉన్నది చూడాలి. అక్కడ టైరు అరిగి పోవడం కంటె రాయి కోసి పోవడం ఎక్కువ. ఇటువంటి గట్టి టైర్ల మీద ఎల్.టి. అనే అక్షరాలు ఉంటాయి. మూడవ రకం, తారు ఎక్కడం అరుదైన బండికే తగినది.

నల్లరేగడి సంగతి వేరుగా చెప్పాలి. ఆదిలాబాదు, కర్నూలు జిల్లాల వారికి ఇది తెలిసినదే. తడిసిన రేగడి ఏ టైరు సందులనైనా ముద్దలా పూడ్చివేస్తుంది. బురద టైరు కొంత మేలు గాని, అది మంత్రం కాదు. ముసురు పట్టిన ఆ కొద్ది రోజులు క్యాన్లను ఎడ్ల బండి మీదనో, ట్రాక్టరు మీదనో తారు రోడ్డు దాకా తెచ్చి, పికప్‌ను అక్కడే నిలిపి ఉంచడం మేలు. కిరాయి ఇచ్చినా టైర్ల తేడా కంటె తక్కువే అవుతుంది.

ఖర్చును కిలోమీటరుకు చూడండి

సెట్టు ధర చూసి మోసపోకూడదు. నాలుగు అన్ని దారుల టైర్లు 32,000 రూపాయలై, 50,000 కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకు 64 పైసలు. నాలుగు బురద టైర్లు 44,000 రూపాయలై, తారు మీద త్వరగా అరిగి 27,500 కిలోమీటర్లకే పోతే కిలోమీటరుకు రూ. 1.60. నెలకు 1,800 కిలోమీటర్ల మీద తేడా రూ. 1,728. సంవత్సరానికి రూ. 20,736. ఈ అంకెలు లెక్క చేసే పద్ధతి చూపడానికి మాత్రమే. మీ డీలరు చెప్పిన ధర, మీ పాత టైర్లు నడిచిన కిలోమీటర్లు వేసి మీరే చూసుకోండి. పాత టైర్లు ఎంత నడిచాయో వ్రాసిపెట్టని సంఘం ఈ లెక్క చేయలేదు. కావున టైరు బిగించిన రోజు మీటరు రీడింగు స్టాకు రిజిస్టరులో తప్పక వ్రాయాలి.

టైరు పక్కన ఉన్న వ్రాత

టైరు పక్క మీద ఉన్న అంకెలు చదవడం ఫ్యాటు పరీక్ష నేర్చుకున్నంత కష్టం కాదు. 215/75 ఆర్ 15 100 ఎస్ అని ఉన్నదనుకోండి. 215 అనగా వెడల్పు మిల్లీమీటర్లలో. 75 అనగా పక్క ఎత్తు ఆ వెడల్పులో నూటికి 75 పాళ్ళు. ఆర్ అనగా రేడియల్ టైరు. 15 అనగా రిమ్ము అంగుళాలలో. 100 అనేది బరువు అంకె. ఎస్ అనేది వేగం గుర్తు, గంటకు 180 కిలోమీటర్ల దాకా. మన బండ్లకు వేగం గుర్తుతో చిక్కు లేదు. చిక్కంతా బరువు అంకెతోనే.

బరువు అంకె 100 అంటే ఒక టైరు 800 కిలోలు మోయగలదు. 95 అయితే 690 కిలోలు. 104 అయితే 900 కిలోలు. ఇప్పుడు మన బరువు చూద్దాం. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. 40 లీటర్ల క్యాన్లు ఇరవై వేస్తే పాలే 824 కిలోలు. క్యాన్ల బరువు, బండి బరువు, మనుషుల బరువు వేరు. ఇందులో ఎక్కువ భాగం వెనుక ఇరుసు మీదనే పడుతుంది. వెనుక ఇరుసు మీద 1,500 కిలోలు పడతాయనుకుంటే ఒక్కొక్క టైరుకు 750. అక్కడ 100 అంకె టైరు సరిపోతుంది, 95 అంకెది సరిపోదు. రెండూ ఒకే సైజులో, ఒకే నలుపులో, చూడడానికి ఒకే విధంగా ఉంటాయి. తక్కువ కొటేషన్‌లోని రహస్యం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. బండి కంపెనీవారు చెప్పిన బరువు అంకెకు ఒక్కటి కూడా తగ్గరాదు.

తయారైన తేదీ కూడా టైరు మీదనే ఉంటుంది. డి.ఓ.టి. అనే అక్షరాలతో మొదలైన వరుస చివర నాలుగు అంకెలు చూడండి. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. ఎండలో పెట్టిన టైరు మరీ త్వరగా బీటలిస్తుంది. ఐదేళ్ళు దాటిన టైరును ఏటా పరీక్ష చేయించమనీ, పదేళ్ళు దాటితే ఎలా ఉన్నా తీసివేయమనీ పెద్ద కంపెనీలు చెబుతున్నాయి. కావున అంగడిలో రెండు మూడేళ్ళు పడి ఉన్న సరుకు కొత్త సరుకు కాదు. అన్నిటికీ మించి ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండాలి. కేంద్ర ప్రభుత్వం 2009లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఇది తప్పనిసరి.

సైజు పెంచే ఆశ

నేల నుండి ఎత్తు పెరుగుతుందని పెద్ద సైజు వేయించేవారున్నారు. 215/75 ఆర్ 15 టైరు నిలువు కొలత 703.5 మి.మీ. 235/75 ఆర్ 15 కొలత 733.5 మి.మీ. తేడా 30 మి.మీ. అయినా బండి లేచేది అందులో సగమే, 15 మి.మీ. దానికి బదులుగా ఇంజను లాగుడు తగ్గుతుంది. మీటరు నూటికి నాలుగు పాళ్ళు తక్కువ చూపుతుంది. చక్రం తిప్పినప్పుడు మడ్‌గార్డుకు రాసుకోవచ్చు. లాగ్ బుక్కులో కిలోమీటర్లు కూడా తప్పు పడతాయి. ఇన్‌స్పెక్టరుగా ఇది నాకు అసలే నచ్చదు. బండి కంపెనీ చెప్పిన సైజే వేయించండి.

నాలుగూ ఒకటే ఎందుకు ఉండాలి

మామూలు కారుకు రెండు టైర్లు మార్చి రెండు ఉంచినా కొంత చెల్లుతుంది. ఫోర్ వీల్ బండికి చెల్లదు. మన జీపులలో చాలావాటిలో ఫోర్ వీల్ గేరు వేయగానే ముందు షాఫ్టు, వెనుక షాఫ్టు ఒకదానికొకటి కట్టివేసినట్లు సమానంగా తిరుగుతాయి. ముందు టైరు కొత్తది, వెనుక టైరు అరిగినది అయితే రెండింటి చుట్టుకొలత వేరు. ఒకే దూరానికి ఒకటి తక్కువ చుట్లు, ఇంకొకటి ఎక్కువ చుట్లు తిరగాలి. షాఫ్టులు ఒప్పుకోవు. బురదలో అయితే టైరు కొంచెం జారి సర్దుకుంటుంది. తారు మీద జారే వీలు లేక ఆ ఒత్తిడి అంతా గేరు పెట్టెల మీద, ఇరుసుల మీద పడుతుంది. టైరు మిగిల్చిన డబ్బు పది రెట్లు గేరు పెట్టెకు పెట్టవలసి వస్తుంది. ఈ కారణం చేతనే ఇటువంటి బండిని ఎండిన తారు మీద ఫోర్ వీల్ గేరులో నడపరాదు.

ఇక ముందు వెనుకల సంగతి. డబ్బు లేక రెండే కొనవలసి వస్తే అదే రకం, అదే సైజు కొని వెనుక బిగించాలి. ముందు టైరు జారితే బండి తిన్నగా పోవాలని చూస్తుంది, డ్రైవరు వేగం తగ్గించి సర్దుకోగలడు. వెనుక టైరు జారితే బండి గిర్రున తిరుగుతుంది, సర్దుకునే వ్యవధి ఉండదు. పైన చెప్పిన సంఘంలో జరిగినది ఇదే. వేర్వేరు రకాలు కలపడం, రేడియల్‌కు పాత తరహా నైలాన్ టైరును జత చేయడం అసలే పనికిరాదు.

స్టెపినీ కూడా అదే సైజుది కావాలి. ఐదు కొనలేకపోతే తీసివేసిన వాటిలో మంచిదాన్ని స్టెపినీగా ఉంచుకోవచ్చు. అది బిగించి ఉన్నంతసేపు ఫోర్ వీల్ గేరు జోలికి పోరాదు.

ఎప్పుడు మార్చాలి

గాళ్ళ నడుమ అక్కడక్కడ చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. టైరు అరిగి ఆ గట్టుతో సమానమైతే మిగిలిన లోతు 1.6 మి.మీ. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం అంతకంటె తగ్గిన టైరుతో బండి రోడ్డెక్కరాదు. అది చట్టం పెట్టిన చివరి హద్దు. తడి రోడ్డు మీద నీటిని బయటకు తోసే శక్తి అంతకు చాలా ముందే తగ్గుతుంది. పాలు మోసే బండికి 3 మి.మీ. వద్దనే మార్చాలని నా సలహా. అదీ వానలు పడ్డాక కాదు, మే నెలలోనే. పక్క ఉబ్బినా, లోపలి నూలు కనిపించినా లోతు ఎంత ఉన్నా ఆ టైరును తీసివేయాలి.

కొటేషన్ ఎలా అడగాలి

"జీపు టైర్లు 4" అని వ్రాసి పంపితే ముగ్గురు డీలర్లు మూడు వేర్వేరు వస్తువులకు ధర వ్రాస్తారు. పొట్టునూ, తవుడునూ ఒకే ధరలో పోల్చినట్లుంటుంది. కావున ముందుగా పాలకవర్గం ఈ విధంగా తీర్మానం చేసుకోవాలి:

"మన సంఘం బండి టైర్ల లోతు కొలువగా ..... మి.మీ. ఉన్నందున, ..... సైజు, ..... రకం, బరువు అంకె ..... కు తగ్గని, ఐ.ఎస్.ఐ. గుర్తు గల, తయారై ఏడాది దాటని టైర్లు నాలుగు ఒకేసారి కొనుటకు. బిగింపు, బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు, కొత్త వాల్వులు కలిపి ధర అడుగుటకు. బిల్లుపై ప్రతి టైరు నంబరు, తయారైన వారం వ్రాయించుటకు తీర్మానించడమైనది."

ఖాళీలు పూరించేటప్పుడు డ్రైవరును పిలిచి అడగండి. బండి గుణం కుర్చీలో కూర్చున్న మనకంటె అతనికి బాగా తెలుసు. ఆ తీర్మానం నకలు ముగ్గురికీ పంపి ధరలు తెప్పిస్తే, అప్పుడు తక్కువ కొటేషన్ నిజంగా తక్కువ అవుతుంది. సరుకు వచ్చినప్పుడు కార్యదర్శి గాని, ఒక సభ్యుడు గాని దగ్గరుండి టైరు మీది అంకెలను బిల్లుతో సరిచూసి సంతకం చేయాలి.

కొన్న తర్వాత

గాలి వారానికొకసారి, బండి కదలక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎంత గాలి అన్నది డ్రైవరు తలుపు దగ్గర చీటీ మీద ఉంటుంది. ఖాళీ బండికి ఒకటి, నిండు బండికి ఒకటి ఉంటాయి. బురదలో, ఇసుకలో గాలి తగ్గిస్తే పట్టు పెరిగేది నిజమే. కాని తారు ఎక్కే ముందు మళ్ళీ నింపే పంపు బండిలో లేనివారు ఆ పని చేయరాదు. తగ్గిన గాలితో నిండు క్యాన్లు మోస్తే టైరు వేడెక్కి పగులుతుంది. 8,000 నుండి 10,000 కిలోమీటర్లకు ఒకసారి టైర్లను ముందు వెనుకలకు మార్పిస్తే నాలుగూ సమంగా అరుగుతాయి.

పాలు పిండిన క్షణం నుండి కాలం మనతో పందెం వేస్తుంది. ఆ పందెంలో మన పాలూ, మన డ్రైవరూ నిలిచేది నేలను తాకే నాలుగు అరచేతులంత రబ్బరు మీదనే. మే నెల సమావేశపు అజెండాలో టైర్ల తనిఖీ ఒక అంశంగా చేర్చవలసిందని సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు మనవి. నా వంతుగా, ఇకమీదట టైర్ల వౌచరు నా ముందుకు వచ్చినప్పుడు బిల్లు ఒక్కటే చూసి సంతకం చేయను. బండి దగ్గరకు పోయి, వంగి చూస్తాను.